చెక్కు వెనక పెళ్లిబుట్ట

రెండు కుటుంబాల వైరం, ఒక కన్య కల్యాణం, మధ్యలో వాణిజ్య చట్టం: మహాకావ్యం చెబుతాను, సర్దుకుని కూర్చోండి. కాదులెండి, ఇది ఒక చెక్కు వెనక రాసిన ఒక్క వాక్యం కథ. నేను బ్యాంకులో పదవీ విరమణ చేసి ఏడాదైంది. వయసు ముప్పై మూడు. మా నాన్న దాన్ని విరమణ అనడు, "వదిలేసి కూర్చున్నాడు" అంటాడు.

రెండేళ్ల కిందట మాఘమాసంలో నన్ను హొసకోటె శాఖకు అసిస్టెంట్ మేనేజరుగా వేశారు. చేరిన వారానికే మునిరత్నం అనే ఆయన ఒక చెక్కు పట్టుకొచ్చాడు. మగ్గాలు పెట్టి చీరలు నేయిస్తాడు. చెక్కు ఆయన పేర లేదు, ఆయన బావ నరసింహప్ప పేర ఉంది. నరసింహప్పది చీరల దుకాణం. ఒక హోటలు యజమాని తనకిచ్చిన ఆ చెక్కునే బావమరిదికి ఇవ్వాల్సిన బాకీ కింద మళ్లించాడు.

దీన్ని ఎండార్స్‌మెంటు అంటారు. చెక్కు మీద "అకౌంట్ పేయీ" అని లేకపోతే, పేరున్న మనిషి వెనక "ఫలానావారికి చెల్లించండి" అని రాసి సంతకం చేస్తే చాలు, హక్కు ఆ ఫలానావారికి పోతుంది. నరసింహప్ప అంతటితో ఆగలేదు. "నా కూతురి పెళ్లిలో బుట్ట ఎత్తిన తర్వాత మునిరత్నానికి చెల్లించండి" అని రాశాడు.

పెళ్లికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మంటపానికి తెచ్చేది మేనమామ. ఆ పిల్లకు ఉన్నది ఒక్క మేనమామ, ఈ మునిరత్నమే. పెళ్లిపత్రికలో తన పేరు నరసింహప్ప తమ్ముళ్ల పేర్ల కింద వేశారని ఆయన పెళ్లికే రానన్నాడు.

"ఏమప్పా, ఇది దుడ్డు ఇచ్చినట్లా, నా మెడకు తాడు ఏసినట్లా?" అని నన్నడిగాడు.

ఎండార్స్‌మెంటులో షరతు పెట్టడానికి చట్టం ఒప్పుకుంటుంది. షరతు తీరినట్టు రుజువైనా తేవాలి, రాసినాయన వచ్చి దాన్ని కొట్టేసి సంతకమైనా చేయాలి అన్నారు మా మేనేజరు మేడం. నరసింహప్పను పిలిపించాం. పెళ్లికూతురు భార్గవిని వెంటబెట్టుకుని వచ్చాడు.

"కొట్టెయ్యను సార్. నేను పిలిస్తే రాకపాయె. బ్యాంకు పిలిస్తే వస్తాడేమో సూద్దాం."

"నా పేరు కల్యాణమంటపం అడ్రసుకు పైన ఉండాది, అంతే!" అన్నాడు అక్కడే కూర్చున్న మునిరత్నం.

భార్గవి నవ్వింది. "పేరు సంగతి కాదులే నాన్నా. బుట్ట లేస్తాదో లేదో అని మామకు భయం. నేను నడిచే వస్తాలే మామా."

మునిరత్నం మొహం ఎర్రబడింది. "మీ నాయన్ని కూడా కూర్చోబెట్టు ఆ బుట్టలో. ఎత్తకపోతే అప్పుడడుగు!" అని చెక్కు జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

పెళ్లికి నన్నూ పిలిచారు. బ్యాంకు పని కదా అని వెళ్లి రెండుసార్లు ఒబ్బట్టు, అదే మన బొబ్బట్టు, వేయించుకున్నాను. మునిరత్నం బుట్ట ఎత్తాడు. సగం దారిలో బుట్ట ఒక పక్కకు ఒరిగింది. పక్కన నడుస్తున్న నరసింహప్ప బుట్ట కింద చెయ్యి వేశాడు. ఒంటరిగా ఎత్తాలని షరతులో లేదు గనక నేను అభ్యంతరం చెప్పలేదు. భార్గవి మాత్రం మంటపం చేరేదాకా నవ్వు ఆపుకోలేకపోయింది.

రుజువుకు ఫోన్లో తీసిన ఫోటో ఒకటి చాలు, చెక్కు తేదీ చూసుకోండి అని అక్కడే చెప్పాను. మునిరత్నం వినలేదు. ఫోన్ ఫోటోలన్నింటిలో బావ చెయ్యి పడిందట. ఒక్కడే ఎత్తిన ఫోటో ఆల్బంలో వస్తుందని, బ్యాంకుకు అదే చూపిస్తానని ఆగాడు. ఫోటోలాయన రేపు మాపు అంటూ ఆల్బం ఇచ్చేసరికి ఎండలు ముదిరాయి. బావా బావమరిదీ ఒకే స్కూటరు మీద, ఆల్బం ఒళ్లో పెట్టుకుని మా శాఖకు వచ్చారు. ఫోటో బాగుంది. షరతు తీరింది. ఎండార్స్‌మెంటులో ఏ లోపమూ లేదు.

నేను నేర్చుకున్నది ఒకటే. చెక్కు వెనక ఎంత కథ ఉన్నా ముందు వైపు తేదీ చూడాలి. ఆ తేదీ నుంచి మూడు నెలలు దాటితే చెక్కు చెల్లదు.