రేకు వంగిన లెక్క

పక్కింటి మేడ మీద కొత్త రేకులు వేస్తున్నారు. పనివాడు అడుగు వేసినప్పుడల్లా రేకు లోపలికి నొక్కుకుపోయి టబుక్కుమంటోంది. ఆ చప్పుడుకు నా అరికాళ్లు ఇప్పటికీ జలదరిస్తాయి. బూర్గంపాడులో యోహాను సార్ షెడ్డు కళ్ల ముందుకొస్తుంది.

రెండువేల అయిదో ఆరో, సరిగ్గా గుర్తులేదు. ఇంజనీరింగ్ అయిపోగానే ఆయన దగ్గర చేరాను. ఫ్యాక్టరీలకు ఇనుప తొట్లు, గొట్టాలు చేసిచ్చే చిన్న షెడ్డు అది. ఆదివారం చర్చికైనా, మిగతా రోజులు షెడ్డుకైనా సార్‌ది అదే తెల్లచొక్కా. ఏ భాగం ఎంత బరువు మోస్తుందో కంప్యూటర్లో లెక్కకట్టడం నా పని. అందుకు ముందుగా ఆ భాగం బొమ్మను చిన్న చిన్న గళ్లుగా విడగొట్టాలి. దాన్నే మెష్ అంటాం.

ఒకసారి పెద్ద తొట్టి మూతకు పలుచటి రేకు వాడాల్సి వచ్చింది. తొట్టి కడిగేవాళ్లు దాని మీదే నిలబడతారు. రేకు మందమంతటికీ ఒకే వరుస గళ్లు పెట్టి లెక్క వేశాను. మనిషి ఎక్కినా మిల్లీమీటరు కూడా వంగదని వచ్చింది. రంగుల బొమ్మ అచ్చు తీసి, గర్వంగా సార్ చేతికిచ్చాను.

ఆయన బొమ్మలో మూత మీద వేలు పెట్టారు. "గింత పలుచటి రేకు వంగదా బిడ్డా?"

"కంప్యూటర్ గట్లనే చెప్పింది సార్."

"దానికి నువ్వేం చెప్పినవు?"

నాకు ఆ ప్రశ్నే అర్థం కాలేదు.

సార్ అదే కొలతకు రేకు కోయించి, జానెడు ఎత్తున రెండు కడ్డీల మీద పెట్టించారు. తొట్లు కడిగే ముత్తమ్మ, టేకులపల్లి అవతలి అడవి ఊరామె, ఎక్కబోయింది. ఆమెను ఆపి, చెప్పులు విడిచి తానే ఎక్కారు. రేకు టబుక్కుమని బొటనవేలంత లోతుకు దిగింది. ఆయన తూలి ముత్తమ్మ భుజం పట్టుకున్నారు. ఆమె నా వైపు ఒకసారి చూసింది, అంతే.

మళ్లీ కూర్చున్నాను. మందంలో రెండు వరుసలు పెడితే ఒక జవాబు, మూడు పెడితే ఇంకొకటి. నాలుగు పెడితే కంప్యూటరే ఆగిపోయింది. ఏది నమ్మాలో తెలియక ఏడుపొచ్చింది. "నాకేం సమజైతలేదు సార్" అన్నాను.

"అవ్, గిప్పుడు సక్కగ చెప్పినవు" అన్నారు. అది మెచ్చుకోలో ఎత్తిపొడుపో తెలియలేదు.

వారం తంటాలు పడ్డాక తెలిసింది. ఒకే వరుసగా పేర్చిన ఆ గళ్లు వంగడానికి మొరాయిస్తాయి. పలుచటి రేకును మందంలేని ఒక పొరలా గీసి, దాని మందాన్ని అంకెగా ఇవ్వాలి. అలా వేస్తే జవాబు ఆ రోజు రేకు ఎంత దిగిందో సార్ స్కేలుతో కొలిచినదానికి దగ్గరగా వచ్చింది. గళ్లు ఇంకా చిన్నవి చేసినా మారలేదు. మూత కింద గట్టి పట్టీలు వేయించాం. ముత్తమ్మ ముందు ఒక కాలు మోపి చూసుకుని, తర్వాతే రెండోది పెట్టింది.

సార్ పోయి చాలా ఏళ్లయింది. కంప్యూటర్ ముట్టని మనిషికి తప్పు ఎలా కనబడిందో, నన్ను ఎందుకు తిట్టలేదో ఇప్పటికీ అంతుపట్టదు. ఇప్పుడు పెద్ద పెద్ద మీటింగుల్లో అందరూ నా జవాబు కోసం చూస్తున్నప్పుడు, "నాకింకా తెలియలేదు, సమయం కావాలి" అంటాను. కొందరు గడియారం చూసుకుంటారు. అయినా అంటాను.