కామాగారి అభ్యంతరాలు

కామాగారికి ఒకే ఒక్క అలవాటు ఉండేది. చేతికందిన కాగితాన్ని తిప్పి పంపడం. అందులో ఏముందన్నది ఆయనకు తర్వాతి సంగతి.

మాది ప్రభుత్వ పరిశోధన సంస్థలో ప్రచురణ విభాగం. పై అంతస్తుల్లో న్యాయశాస్త్రం, రహస్యలిపి, అణుభౌతికం అని మూడు శాఖలు. అక్కడివాళ్లు రాసిన ఏ పత్రమైనా అచ్చుకు పోవాలంటే ప్రూఫులు దిద్దే కామాగారి ఎర్రసిరా దాటి పోవాల్సిందే. ఆయన ఎదురు బల్ల మీద టైపు చేసేవాణ్ణి నేను. ఆయన అసలు పేరు ఆయనకైనా గుర్తుందో లేదో చెప్పలేను.

ఒకసారి న్యాయశాఖ పెద్దాయన నాలుగు పేజీల వాక్యం ఒకటి రాసుకొచ్చారు. కామాగారు లేచి నిలబడి, గట్టిగా ఊపిరి పీల్చి, పైకి చదవడం మొదలుపెట్టారు. పేజీన్నర దగ్గర దగ్గొచ్చి కుర్చీలో కూలబడ్డారు.

"అయ్యా, ఈ వాక్యం అయ్యేలోపు ముద్దాయి శిక్ష కూడా పూర్తిచేసుకుని ఇంటికెళ్లిపోతాడు. మధ్యలో ఎక్కడైనా ఒక కామా వేసి కాస్త కూర్చోబెట్టండి."

రహస్యలిపి శాఖాయన పాట్లు ఇంకో రకం. ఆయన నమూనాగా ఇచ్చిన గూఢ సందేశంలో కామాగారు పదిహేడు అక్షరదోషాలు దిద్దేశారు.

"అయ్యో, ఎవరికీ అర్థం కాకూడదనే కదండీ అలా రాసింది!"

"అర్థం కాకపోవడం వేరు, ఒత్తులు తప్పడం వేరు. తిప్పి పట్టుకెళ్లండి."

ఇంట్లోనూ ఇదే వరస. ఓసారి వాళ్లావిడ అలిగి, 'మా అన్నయ్య ఇంటికి వెళ్తున్నాను, ఇక రాను' అని చీటీ పెట్టి వెళ్లిపోయింది. సాయంత్రానికల్లా ఆ చీటీ అన్నయ్య ఇంటికి చేరింది. 'ఇక రాను' కింద ఎర్రగీత, పక్కన 'ఎప్పటివరకు? స్పష్టత లేదు' అని. ఆవిడ పడీపడీ నవ్వి, మర్నాడే తిరిగొచ్చేసింది.

అణుభౌతిక శాఖలో కొత్తగా చేరిన అమ్మాయికి మాత్రం నవ్వు రాలేదు. ఆమెది తాత్కాలిక ఉద్యోగం. మొదటి పత్రం శుక్రవారంలోగా అచ్చుకెళితేనే ఖాయమవుతుంది. ప్రమాదకరమైన కిరణాలు బయటికి రాకుండా అడ్డుపెట్టే సీసపు పలకల మందం గురించి రాసింది. సోమవారం కామాగారు తిప్పి పంపారు, పేజీ అంచు చాలలేదని. మంగళవారం మళ్లీ పంపారు, అంకెలు గజిబిజిగా ఉన్నాయని. బుధవారం మూడోసారి.

"ఈ పట్టికలో గీత వంకరగా ఉందమ్మా. మొత్తం పట్టిక చేత్తో రాసి తీసుకురండి. ఒక్కో అంకే నిదానంగా."

"గీత కోసం నా ఉద్యోగం తీస్తారా సార్?" అంది. తలుపు ధడాలున వేసి వెళ్లిపోయింది.

నాకు ఒళ్లు మండింది. "ఏం మనిషండీ మీరు? ఆ పిల్ల ఉసురు తగులుతుంది!" అంటూ పట్టిక నా ముందుకు లాక్కున్నాను. స్కేలు పెట్టి చూశాను. గీత నిటారుగా ఉంది.

"గీత బాగానే ఉందిగా?"

"ఐదో వరస చూడవోయ్," అన్నారాయన, కలం మూతపెడుతూ.

మిగతా వరసలన్నిటిలో పలకల మందం సెంటీమీటర్లలో ఉంది. ఐదో వరసలో ఆమె మిల్లీమీటర్లు అని వేసేసింది. పలక మందం పదో వంతుకి పడిపోయింది. ఆ పత్రాన్ని నమ్మి పలక కట్టి, దాని వెనక మనుషులు నిలబడితే?

"మీకు ఇదంతా అర్థమవుతుందా?"

"ముప్ఫై ఏళ్లు వింటే గోడక్కూడా అర్థమవుతుంది."

"మరి ఆ ముక్కేదో ఆమెకు చెప్పొచ్చుగా!"

"నేను చెబితే, కామాలు దిద్దేవాడు తప్పు పట్టుకున్నాడని పై అంతస్తంతా చెప్పుకుంటారు. ఆ పిల్ల ఎప్పటికీ తలెత్తుకోలేదు. తనే పట్టుకుంటే ఎవరికీ తెలియదు."

"పట్టుకోకపోతే?"

"శుక్రవారం పొద్దున ఇంకో గీత వంకర పోతుంది," అన్నారు.

ఆ అవసరం రాలేదు. గురువారం మధ్యాహ్నం ఆ అమ్మాయి కొత్త పట్టికతో వచ్చింది. మొహం వెలిగిపోతోంది, కోపం మాత్రం తగ్గలేదు.

"మీ గీత సరిచేశాను. అసలు తప్పు గీతలో కాదు సార్, మందంలో ఉంది. నేనే పట్టుకున్నాను!"

"మందమా?" కామాగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "దేని మందమమ్మా?"

"సీసానిది!"

"సీసమంటే... సీసాలు చేస్తారే, అదేనా?"

ఆమె కోపమంతా జాలిగా మారిపోయింది. కుర్చీ లాక్కుని కూర్చుని, కాగితం మీద బొమ్మలు గీస్తూ, చంటిపిల్లాడికి చెప్పినట్టు అరగంటసేపు విడమరిచి చెప్పింది. ఆయన "ఆహా... ఓహో" అంటూ ప్రతి మాటకీ తల ఊపుతూ విన్నారు. నేను మాత్రం నవ్వు ఆపుకోలేక, టైపు మిషను కింద ఏదో పడిపోయినట్టు చాలాసేపు వెతుక్కున్నాను.