అప్పడాల కర్ర మబ్బు

దయ్యాలనూ చేతబడులనూ నేను ఏనాడూ నమ్మలేదు. కానీ చిక్కడపల్లి మొత్తంలో మబ్బును వేలు చూపించి పిలిచి, పగవాడి ఇంటి మీదికి తోలిన మనిషి ఒక్కడే. అది నేనే.

పగవాడు పక్కింటి సుదర్శన్. అశోక్‌నగర్ కోచింగులకు వచ్చే పిల్లల కోసం హాస్టల్ పెడతానని నిరుడు తన డాబా మీద పెద్ద రేకుల షెడ్డు లేపాడు. దాంతో మా డాబాకు పొద్దంతా నీడే. మా ఆవిడ అండాళు ముప్పై ఏళ్లుగా అక్కడే అప్పడాలు ఎండబెడుతోంది. ఆ ఎండాకాలం పెట్టినవి పెట్టినట్టే బూజు పట్టాయి. అడగడానికి వెళ్తే సుదర్శన్ నవ్వాడు.

"ఏందక్కా, ఎండ నీ పేరు మీద రిజిస్ట్రీ అయిందా?"

అండాళు ఇంటికి వచ్చి పీటా కర్రా కడిగి అటక ఎక్కించేసింది.

మే నెలలో ఒక సాయంత్రం అంబర్‌పేట్ వైపు నుంచి ఒక మబ్బు వచ్చింది. అలాంటిది నా జన్మలో చూడలేదు. ఆకాశం ఈ కొస నుంచి ఆ కొసకు, అచ్చం అప్పడాల కర్రలా, గుండ్రంగా, పొడుగ్గా. నారాయణగూడ ఫ్లైఓవర్ మీదుగా దొర్లుకుంటూ వస్తోంది. నేను డాబా మీద నిలబడి షెడ్డు వైపు వేలు చూపించాను. గాలి విరుచుకుపడింది. ఇంకా ఎవరూ దిగని ఆ షెడ్డు రేకులు ఒక్కొక్కటే లేచిపోయాయి. మా తీగ మీది చీర మాత్రం కదల్లేదు.

చీర సంగతి కొంచెం పెంచాను. అదీ పోయింది. వేలు సంగతీ అంతే. మొదటి రేకు చప్పుడుకే నేను మెట్లు దిగి పరుగెత్తాను.

మా దగ్గర కిరాయికుండి గ్రూప్స్‌కు చదివే శిరీష తర్వాత వివరం చెప్పింది. ఎక్కడో వాన పడితే ఆ చల్లగాలి నేలబారున దూసుకొచ్చి వేడిగాలిని పైకి నెడుతుందట. ఆ రెండింటి మధ్య మబ్బు అలా చుట్టుకుంటుందట. సరే, ఒప్పుకున్నాను.

కానీ కిందికి దిగాక నేను చూసింది వేరు. వంటింట్లో అండాళు పీట ముందేసుకుని కూర్చుంది. పిండి లేదు. ఒట్టి పీట మీద ఒట్టి కర్రతో ఒత్తుతోంది. కిటికీలో మబ్బు కనిపిస్తోంది. ఆమె కర్రను తోసినప్పుడల్లా అది ముందుకు దొర్లుతోంది.

"ఏం చేస్తున్నవ్ అండాళూ?" అన్నాను.

చెయ్యి ఆపింది. గాలి పడిపోయింది. ఎందుకో ఇప్పటికీ చెప్పలేను.

ఇదంతా రాసి నిన్న ఆమెకు చదివి వినిపించాను. చివర్లో తల అడ్డంగా ఊపింది.

"తప్పు రాసినవ్. నువ్వు అడిగినవని ఆపలే. రేకులన్నీ పోయినయ్, గందుకే ఆపిన."