సెప్టిక్ ట్యాంకుకు తోడు

డెబ్బైల్లో గవర్నర్‌పేటలో మా మామగారికి లాడ్జి ఉండేది. గదుల మురుగంతా చేరే సెప్టిక్ ట్యాంకు మాత్రం మా అత్తగారి రాజ్యం. ఆవిడకి శుభ్రం పిచ్చి. రోజూ పూజ కాగానే మూత తీయించి సీసాడు ఫినాయిల్ పోయించేవారు. పోసేకొద్దీ కంపు పెరిగింది. కంపు పెరిగేకొద్దీ ఆవిడ ఫినాయిల్ పెంచారు. నాకు ఒళ్ళు మండేది, కానీ కొత్త కోడల్ని.

ఒకనాడు శానిటరీ ఇన్‌స్పెక్టరు ముక్కుకి రుమాలు కట్టుకుని వచ్చాడు.

"మురికిని తినే పురుగులుంటాయమ్మా లోపల, కంటికి కనపడవు. వాటిని చంపేశారు మీరు. బాగా నడిచే ట్యాంకులోంచి బకెట్టుడు మడ్డి తెచ్చి ఇందులో కలపండి. నెలలో కంపు పోకపోతే లాడ్జి మూయిస్తాను."

"అంటే, పాలల్లో తోడు వేసినట్టా అండీ?" అన్నారు అత్తగారు.

"ఆ, అంతే."

బాగా నడిచే ట్యాంకు ఎదురు లాడ్జిలో ఉంది. మా బేరాలు లాక్కుంటున్నారని వాళ్ళతో మాటల్లేవు. కానీ లాడ్జి మూతపడితే ఇంటిల్లిపాదీ వీధిన పడతాం. అత్తగారు పట్టుచీర కట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని రోడ్డు దాటారు.

"వదినగారూ, కాస్త తోడు కావాలండీ."

సంగతంతా విని ఆ లాడ్జి ఆవిడ బుగ్గ నొక్కుకుంది. "అయ్యో, ఇవ్వకేమండీ! కానీ ఇవాళ శుక్రవారం కదా, ఇంట్లోది బయటికెలా ఇస్తాం? రేపు పంపిస్తాను."

"నిజమే సుమండీ, నాకు తోచనేలేదు" అని అత్తగారు వెనక్కి తిరిగారు. మడ్డిలో కూడా లక్ష్మీదేవే! నవ్వాగక కొంగు నోట్లో కుక్కుకున్నాను.

శనివారం ఆవిడ తన బకెట్టులోనే నిండా పంపింది. ఫినాయిల్ సీసాలు అటకెక్కాయి. అత్తగారు రోజూ మూత దగ్గర వాసన చూసి, "ఇంకా తోడుకోలేదే అమ్మాయ్" అని దిగులుపడేవారు. నెల తిరిగాక ఇన్‌స్పెక్టరు వచ్చాడు, రుమాలు విప్పాడు, గట్టిగా పీల్చాడు, నడుపుకోండన్నాడు. అత్తగారు నా భుజం మీద వాలి ఏడ్చేశారు. నాకూ కళ్ళనీళ్ళు ఆగలేదు.

ఇక బకెట్టు తిరిగివ్వాలి. ఒకరి గిన్నె ఖాళీగా పంపడం మా ఇంట్లో లేదు. అత్తగారు దాన్ని పొద్దుటినుంచి తోమించి, నిండా గారెలు వేసి, నన్నూ వెంటబెట్టుకుని పట్టుకెళ్ళారు.

ఆవిడ గారెలవైపు చూసింది, బకెట్టువైపు చూసింది. "ముందు మీరు తీసుకోండి వదినగారూ" అంది.

అత్తగారు ఒకటి తీసి కొరికారు. ఆవిడా కొరికింది. ఇద్దరూ పడీపడీ నవ్వుకుని, నావైపు తిరిగారు.

తిన్నాను.