నూరు యుద్ధాల కాన్ గోత్రం

మా అక్క మొగుడు పరంధామయ్య అమెరికాలోని ట్రాయ్‌లో కార్ల బ్రేకులు డిజైన్ చేస్తాడు. మంచివాడే గానీ ఒక జబ్బుంది. మనిషి కనబడితే చాలు, పేరుకన్నా ముందు గోత్రం అడుగుతాడు. ఒకసారి కుళాయి బాగుచేయడానికొచ్చిన అమెరికన్నీ అడిగాడు. అదేదో అంటురోగం అనుకుని వాడు మాస్కు పెట్టుకున్నాడు.

అందుకే కూతురు స్పందన, కెవిన్ ఓనీల్‌ని చేసుకుంటానన్నప్పుడే గట్టిగా చెప్పింది.

"డాడీ, కెవిన్‌ని గోత్రం అడిగితే నీతో మాట్లాడను."

బావ నోరు కుట్టేసుకున్నాడు. పెళ్ళిదాకా ఎంత అవస్థపడ్డాడో నాకు తెలుసు, పాపం.

పెళ్ళిపీటల మీద ప్రవర మొదలైంది. వరుడి గోత్రం ఎవరూ చెప్పలేదు. పురోహితుడు అలవాటుకొద్దీ "కాశ్యపస గోత్రోద్భవాయ" అనేశాడు. బావ ఎగిరి లేచాడు.

"ఆపండి! కాశ్యపస మాది! అన్నాచెల్లెళ్ళకి పెళ్ళి చేస్తారా?"

"గోత్రం తెలియనివాళ్ళందరికీ అదే చెప్తామండీ."

"అయితే ఈ పెళ్ళి జరగదు!"

స్పందన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముహూర్తం దాటిపోతోంది. నాకు బావ చెంప పగలగొట్టాలనిపించింది. ఇంతలో కెవిన్ నానమ్మ మోరీన్ కర్ర పొడుచుకుంటూ మండపం ఎక్కింది. మన వంశానికి మూలపురుషులెవరో కావాలట అని కెవిన్ ఆవిడకి చెప్పాడు.

"ఇన్నాళ్ళకి ఒకరు అడిగారు!" అని ఆవిడ మురిసిపోయింది.

ఐర్లండ్ పాతకథల్లో టారా కొండ మీంచి ఏలిన రాజాధిరాజులట వాళ్ళ పెద్దలు. నూరు యుద్ధాల కాన్, ఆయన కొడుకు ఆర్ట్, ఆయన కొడుకు కార్మాక్ అంటూ, తొమ్మిదిమంది బందీలను పట్టిన నియల్ మీదుగా, ఒక్క పేరూ వదలకుండా కెవిన్ దాకా దిగింది. పురోహితుడు మొదటి ముగ్గురినీ పట్టుకున్నాడు.

"కాన్, ఆర్ట్, కార్మాక్ త్రయార్షేయ ప్రవరాన్విత..."

బావ తృప్తిగా తల ఊపాడు.

"మరి మీ మూలపురుషుడు?" అంది మోరీన్.

"కశ్యప మహర్షి!"

"ఆయన తర్వాత?"

బావ తండ్రి పేరు చెప్పాడు, తాత పేరు, ముత్తాత పేరు చెప్పాడు. ముత్తాతకీ మహర్షికీ మధ్య ఒక్కడూ దొరకలేదు. ఊరందరి గోత్రాలూ ఆరా తీసిన మనిషి ఉత్తరీయంతో చెమట తుడుచుకున్నాడు. మొదటిసారి నాకు బావ మీద జాలేసింది.

ముసలావిడకీ వేసినట్టుంది.

"అయ్యో బిడ్డా, అంతమందిని పోగొట్టుకున్నావా? ఇవాళ్టి నుంచి నువ్వు మా వంశంవాడివే" అంటూ బావ తలమీద చెయ్యి పెట్టబోయింది.

బావ చటుక్కున వెనక్కి జరిగి చేతులు జోడించాడు.

"ఇప్పుడే వద్దమ్మా, మళ్ళీ సగోత్రం అయిపోతుంది! తాళి కట్టనివ్వండి, ఆ తర్వాత నేను మీవాణ్ణే."