లైను చివరి ఖాళీలు

మా అక్క భర్త తుమ్మపాల దగ్గరి ఒక బడిలో తెలుగు మాస్టారు. చేతి నరాల జబ్బు మొదలై సుద్దముక్క వేళ్లలో నిలవకపోవడంతో, పాఠాలు కంప్యూటర్‌లో రాసుకుందామనుకున్నాడు. అందరూ ఉచితంగా వాడుకునే ఒక ప్రోగ్రాంలో తెలుగు వత్తులు అక్షరం కిందికి రాకుండా పక్కన పడేవి. ఆ తప్పు తనే దిద్దాలని, పుస్తకాలు చూసి కోడ్ నేర్చుకుని, రెండు వేళ్లతో ఎనిమిది నెలలు కొట్టాడు.

మా ఇద్దరిలో నెట్ ఉన్నది అనకాపల్లిలో ఉన్న నాకే. ఆయన చేసిన మార్పులను ప్యాచ్‌గా, అంటే ఏ పాత లైన్లు తీసేయాలో, ఏ కొత్తవి పెట్టాలో చెప్పే ఫైలుగా, ఆ ప్రోగ్రాం చూసుకునేవాళ్లకు నేనే మెయిల్ చేశాను.

పని బాగుందని జవాబు వచ్చింది. కొత్త లైన్ల చివర అనవసరపు స్పేసులున్నాయి, వారంలోగా తీసి పంపితే రాబోయే వెర్షన్‌లో చేరుస్తామన్నారు. బావ వేలు వణికిన చోటల్లా ఒక స్పేసు పడి ఉంది.

చెబితే కూర్చుని ఒక్కో లైనూ వెతుకుతాడని చెప్పలేదు. ఒక్క కమాండ్‌తో ప్యాచ్ మొత్తంలో లైన్ల చివరి ఖాళీలన్నీ ఊడ్చేసి పంపాను.

నన్నూ బావా అనే పిలిచే ఆయన ఫోన్ చేసి అడిగాడు. "ఏటి బావా, ఒప్పుకున్నారా?"

"వచ్చే వెర్షన్‌లో పెడతారంట."

"అయితే పిల్లలకి సెప్పేత్తాను."

రెండు వారాలకు మళ్లీ మెయిల్. ప్యాచ్ అతకడం లేదు. పాత లైన్ల చివర కూడా ఎవరో ఎప్పుడో వదిలేసిన స్పేసులున్నాయి. తీసేయాల్సిన లైనును ప్యాచ్‌లో ఉన్నదున్నట్టు చూపించాలి, ఒక్క స్పేసు తేడా వచ్చినా అది అతకదు. నేను వాటినీ ఊడ్చేశాను. సరిచేసి పంపాను గానీ, గడువు అప్పటికే దాటిపోయింది. తర్వాత ఆ భాగమంతా ఎవరో తిరగరాశారు. బావ దిద్దిన పాత లైను ఒక్కటీ అందులో మిగల్లేదు, ఆయన ప్యాచ్ ఇక పనికిరాదు. వత్తులు మాత్రం పక్కనే పడుతున్నాయి.

నిజం చెప్పడానికి వెళ్లేసరికి అక్క ఆయనకు అన్నం కలిపి తినిపిస్తోంది. అంతా చెప్పాను. బావ అక్క చేతిని పక్కకు జరిపాడు.

"నన్నడిగితే సెప్పేవోణ్ణి కదా బావా. పాతయి ముట్టుకోకూడదని నాకు తెలుసు."

"నువ్వు చెప్పు, నేను కొడతాను. మళ్లీ రాద్దాం."

"వద్దులే."

ఆ ఏడాదే బడి మానేశాడు. ఇప్పటికీ వెళ్తే వానల గురించి, చెరుకు గురించి మాట్లాడతాడు. ఆ పని ఊసు మాత్రం ఎత్తడు. ఎత్తే ధైర్యం నాకూ లేదు.