సలోమమ్మ గంట

రేపల్లె బస్టాండులో దయ్యాల కథలు చెప్పి నలుగురినీ భయపెట్టడం నాకు సరదా. వాటిలో ఒక్కదాన్నీ నేను నమ్మలేదు. అన్నీ నేను అల్లినవే కదా. ఇది మాత్రం అల్లింది కాదు.

నిజాంపట్నం హార్బరుకి ఇవతల, మా అత్తవారి పల్లెలో చిన్న చర్చి ఉంది. పూర్వం దాన్ని కట్టించింది సలోమమ్మ అనే ఎండుచేపలమ్మే ఆవిడ. భర్త లేడు, పిల్లలు లేరు. గంప దింపిన ప్రతిసారీ దేవుడి పేర గుప్పెడు చేపలు పక్కన పెట్టేదట. ఆ గుప్పెళ్లతోనే గోడలు లేచాయి, చివర్లో గంట వచ్చింది. గోడకున్న నాపరాయి మీద ఆమె పేరొక్కటే ఉండేది.

ఆ మధ్య చర్చికి రంగులు వేయిస్తూ సంఘపెద్ద దేవదానం గారు నన్ను పిలిచారు.

"అల్లుడుగారూ, కబుర్లు బాగా అల్లుతారంటగా. చర్చి మా తాతే కట్టించాడని నాలుగు ముక్కలు రాసివ్వండి. అడగడానికి ఆ సలోమమ్మకెవరున్నారు?"

చేపల పులుసు తిని రాసిచ్చాను. తుఫానులో తాతగారి పడవ మునిగినట్టు, కెరటం ఆయన్ని ఒడ్డున పడేసిన చోటే పునాది వేసినట్టు. నా రాతకి నాకే కళ్లు చెమర్చాయి. తెనాలిలో దాన్ని పాలరాతి మీద చెక్కించి గోడకి బిగించారు. పాత రాయిని పీకి, కాళ్లు కడుక్కునే కుళాయి కింద వేశారు.

నెల తిరక్కుండా దేవదానం గారి తల్లి పోయింది. ఆ పల్లెలో చర్చి గంట మోగనిదే శవపెట్టె వాకిలి దాటదు. పట్టపగలు, గంట కొట్టే ఏసుపాదం తాడు లాగాడు. గంట ఊగింది. లోపలి ఇనప గుండు అంచుకి తగలడం కళ్లారా చూశాను. చప్పుడు మాత్రం లేదు.

"ఏంట్రా, అన్నం తినలేదా? గట్టిగా లాగు!" అని దేవదానం గారు కేకేశారు.

"లాగుతున్నానండీ, చేతులు చూడండి!"

నిచ్చెనెక్కి సుత్తితో కొట్టాడు. గోనెసంచి మీద కొట్టినట్టే ఉంది. ఎండ ముదురుతోంది. పెట్టె వాకిట్లోనే ఉంది.

పెట్టె పక్కన కూర్చున్న ఒక ముసలావిడ తలెత్తకుండానే అంది: "సలోమమ్మ పేరు కాళ్ల కిందేశావు. ఆవిడ గంట మీ అమ్మకెందుకు మోగుద్ది, అబ్బాయ్?"

దేవదానం గారు గడ్డపార తెచ్చి పాలరాయిని తనే పగలగొట్టారు. పాత రాయిని కడిగి, గుండెలకి ఆనించుకుని మోసుకొచ్చి, గోడ దగ్గర నిలబెట్టారు. ఏసుపాదం తాడు లాగాడు. గంట హార్బరు దాకా వినపడింది.

సమాధుల దొడ్డి నుంచి వచ్చాక, ఎవరూ చూడకుండా నేనూ ఒకసారి లాగాను. గంట ఊగింది. గుండు తగిలింది. అంతే.

బాపట్లలో తెలిసిన సైన్సు మాస్టారిని అడిగితే తుప్పు అన్నారు. రాయి తిరిగొచ్చాక ఏసుపాదానికి అడ్డురాని తుప్పు నాకే ఎందుకు అడ్డొచ్చింది? సలోమమ్మ సమాధి దగ్గర తప్పు ఒప్పుకున్నాను. పోయిన నెల మళ్లీ లాగాను. మోగలేదు. ఎవరికైనా చెబితే, "బావగారు మళ్లీ మొదలెట్టారు" అని నవ్వుతున్నారు.

మా ఆవిడకి ఒక కోరిక ఉంది, ఇద్దరి సమాధులూ ఆమె పుట్టింటి పల్లెలోనే ఉండాలని. నన్ను మాత్రం రేపల్లెలోనే పెట్టమని చెప్పాను. ఎందుకో చెప్పలేదు. చెప్పినా నమ్మదు.